దారం పట్టిన చిన్నికి పెద్దమ్మ రాస్తున్నది

కూర్మన్నపాలెం,
ఆదివారం రాత్రి

చిన్నీ,

పొద్దున మీ అమ్మ ఫోన్ చేసింది. ఆఫీసు ఒత్తిడితో నీకు నిద్ర సరిగ్గా పట్టట్లేదనీ, మనసు కాస్త తేలికపడుతుందని కొక్కెం సూదితో దారం అల్లే క్రోషియా మొదలుపెట్టావనీ, సూదులూ దారాలూ తెప్పించుకున్నావనీ చెప్పింది. ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. మా అమ్మ చేతి విద్య నాతోనే ఆగిపోయిందనుకున్నాను ఇన్నాళ్ళూ. మధురవాడలో రాత్రీ పగలూ కంప్యూటర్ ముందు కూర్చునే పిల్ల చేతికి అది మళ్ళీ వచ్చిందంటే నాకెంత సంతోషమో ఎలా చెప్పను!

కానీ మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. చెయ్యి తిరగ్గానే ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ పెట్టి బొమ్మలకీ బ్యాగులకీ ఆర్డర్లు తీసుకుంటావట. అప్పట్నుంచీ మనసు మనసులో లేదు. ఫోనులో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

ముందు మామూలు సంగతులు. నాలుగు మిల్లీమీటర్ల సూదితో మొదలుపెట్టు. ఊలు వద్దు, మన విశాఖ ఉక్కపోతకి చేతికి అతుక్కుంటుంది. కాటన్ దారం తీసుకో, పూర్ణా మార్కెట్ సందుల్లో చేత్తో పట్టి చూసి మరీ కొనుక్కోవచ్చు. మొదట్లో లేత రంగులే కొను, ముదురు రంగులో ఏ కన్నంలో సూది దూర్చాలో కనబడదు. ఎరుపూ తెలుపూ కలిపేముందు ఎర్రదారం ముక్క తడిపి తెల్లగుడ్డలో నొక్కి చూసుకో. సన్న లేసుకి వాడే స్టీలు సూదుల్ని పొడిగుడ్డలో చుట్టిపెట్టు, సముద్రపు గాలికి తుప్పు పట్టేస్తాయి. వీడియో చూసి కుట్టు నేర్చుకున్నాక ఫోను తీసుకెళ్ళి వంటింట్లో పెట్టేసెయ్.

చేతుల సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నాను, విను. పగలంతా కీబోర్డు మీద ఆడిన మణికట్టే రాత్రి సూది కూడా పట్టుకోవాలి. ఇరవై నిమిషాలు అల్లి లే. వేళ్ళు విదిలించుకో, మెడ తిప్పు, కిటికీలోంచి దూరంగా చూడు. నొప్పిగా ఉన్నా ఈ వరుస అయిపోనీ అని కూర్చోకు. ఆ మొండితనం నాకుంది, నీకూ ఉంది, మన ఇంటి పిల్లలందరికీ ఉంది. కొత్తలో అందరూ దారాన్ని బిగలాగుతారు, సూది తిరిగి దూరదు. నీ కుట్టు బిగుసుకుందంటే అంతకుముందే నీ భుజాలు బిగుసుకున్నాయన్నమాట. మా అమ్మ నా అల్లిక చేతిలోకి తీసుకుని, నా మొహం కూడా చూడకుండా "ఎవరితో పోట్లాడొచ్చావే?" అని అడిగేది. ప్రతిసారీ నిజమే అయ్యేది. నువ్వూ అలా చూసుకో. బిగుతుగా వస్తుంటే సూది దించి మంచినీళ్ళు తాగు.

మా అమ్మ గురించి నీకు సగమే తెలుసు. నరసాపురం దగ్గర మా ఊళ్ళో ఆడవాళ్ళంతా లేసు అల్లేవారు. ఆ పని మిషనరీల కాలం నుంచీ ఉంది. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని తెలిసినప్పుడు నాకు అమ్మే గుర్తొచ్చింది. ఏజెంటు దారం ఉండలు ఇచ్చిపోయేవాడు. అల్లి ఇచ్చాక ముక్కల లెక్కన డబ్బు. వంటయ్యాక, గిన్నెలు కడిగాక, మేం పడుకున్నాక అరుగు మీద కూర్చుని అల్లేది. ఆ డబ్బుతోనే మీ అమ్మకీ నాకూ పుస్తకాలు కొంది. అమ్మ తన కోసం ఒక్క ముక్క అల్లుకోవడం నేనెప్పుడూ చూడలేదు. అల్లి డబ్బు తీసుకోవడం తప్పని నేననడంలేదు చిన్నీ, ఆ డబ్బే మమ్మల్ని ఒడ్డున పడేసింది. అమ్మకి వేరే దారి లేదు. నాకు ఉంది. అయినా నేను ఆ పని చేశాను.

1995లో మేం స్టీల్ ప్లాంటు వాళ్ళ ఉక్కునగరం క్వార్టర్లో ఉండేవాళ్ళం. మీ పెదనాన్నకి సి షిఫ్టు పడితే రాత్రి పదింటికి ముందే వెళ్ళి తెల్లవారి ఆరు దాటాక వచ్చేవారు. నాలుగేళ్ళ బాబీతో ఇంట్లో నేనొక్కదాన్నే. గాలికి తలుపు కొట్టుకున్నా గుండె దడదడలాడేది. ఆ భయం పోగొట్టుకోవడానికే అమ్మ ఇచ్చిన సూది బయటికి తీశాను. ఒక వరుస అల్లేసరికి ఊపిరి కుదుటపడేది. రెండో వరుసకి ఆవలింతలు వచ్చేవి. అలా టీవీ మీదకి ఒక కవరు తయారైంది. పక్క క్వార్టరు ఆవిడ చూసి ముచ్చటపడితే ఆవిడకొకటి, తర్వాత వాళ్ళ చెల్లెలికొకటి. చేతిలో డబ్బు పెట్టినప్పుడు గర్వంగానే అనిపించింది. ఆ తర్వాత వాళ్ళ బంధువుల పెళ్ళికి డబుల్ కాట్ దుప్పటి అడిగారు. చదరాలుగా అల్లి కలిపే రకం, మొత్తం 168 చదరాలు. మాఘమాసంలో ముహూర్తం, రెండు నెలల టైముంది. రోజుకి మూడు అల్లితే చాలని ఒప్పేసుకున్నాను.

వారం రోజులు బాబీకి జ్వరం. తర్వాత సంక్రాంతికి చుట్టాలు. లెక్క తప్పింది. రోజుకి ఆరు, ఏడు అల్లాల్సి వచ్చింది. నిద్ర కోసం పట్టుకున్న సూదే నిద్ర లేకుండా చేసింది. అన్నం తింటున్నా చదరాలు లెక్కపెట్టేదాన్ని. పిల్లాడు కథ చెప్పమంటే "రేపు" అనేదాన్ని. అన్నీ కలిపి చుట్టూ అంచు వేస్తున్నాను, ఇంక నాలుగు రోజుల్లో ఇచ్చెయ్యాలి. గంజి వార్చడానికి వంటింట్లోకి వెళ్ళి వచ్చేసరికి కుర్చీ కాళ్ళ చుట్టూ, టేబులు చుట్టూ తెల్లదారం. కొస ముడి వెయ్యని అల్లిక ఒక్క లాగుకి ఎలా ఊడివస్తుందో నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. మూడు రోజుల అంచు మొత్తం పోయింది. వాడు మధ్యలో కూర్చుని "అమ్మా, సాలీడు గూడు కట్టాను చూడు" అన్నాడు.

కొట్టాను. చెంప మీద నా అయిదు వేళ్ళూ తేలాయి. వాడు ఏడవలేదు చిన్నీ. వణుకుతున్న చేతులతో దారాన్ని మళ్ళీ ఉండ చుట్టడం మొదలుపెట్టాడు.

దుప్పటి టైముకే ఇచ్చాను. అందరూ మెచ్చుకున్నారు. ఆ డబ్బుతో ఏం కొన్నానో ఇవాళ గుర్తులేదు. ఆ తర్వాత నేను సూది తీస్తే చాలు, బాబీ లేచి లోపలి గదిలోకి వెళ్ళిపోయేవాడు. నాలుగైదు సార్లు చూశాను. సూదిని ట్రంకుపెట్టె అడుగున పెట్టేశాను, పందొమ్మిదేళ్ళు దాని మొహం చూడలేదు.

మళ్ళీ తీసింది హుద్‌హుద్ అప్పుడు. 2014 అక్టోబరు 12న తుఫాను కొట్టింది, కరెంటు లేదు, ఫోన్లు లేవు. బాబీ బెంగళూరులో ఉన్నాడు. మేం బతికే ఉన్నామని వాడికి చెప్పే దారి లేదు. మీ పెదనాన్న నీళ్ళ కోసం క్యూలో ఉన్నారు. తడిసిన బట్టలు ఆరేద్దామని పెట్టె తెరిస్తే అడుగున సూది, పసుపు తిరిగిన దారం ఉండ. సూది కొనకి తుప్పు. ఉప్పుకాగితంతో రుద్ది, గుమ్మంలో విరిగిపడిన వేపకొమ్మ పక్కన కూర్చుని అల్లాను. ఏం అల్లుతున్నానో నాకే తెలియదు. ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టడం, తిప్పడం, మళ్ళీ ఒకటి. ఇరవై లోపల ఇంకో ఆలోచనకి చోటుండదు, ఆలోచన దూరితే లెక్క తప్పుతుంది. ఆ అల్లిక కోసం ఎదురుచూసేవాళ్ళు ఎవరూ లేరు. చేతి వణుకు ఆగింది.

ఫోను కలిసినరోజు బాబీ "ఏం చేస్తున్నావమ్మా?" అన్నాడు. "అల్లుతున్నానురా" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సాలీడు గూడేనా?" అన్నాడు. ఆ మాట వాడికి గుర్తుందని అప్పటిదాకా నాకు తెలియదు. ఇద్దరం ఏడ్చాం.

అందుకే నీ పేజీ మాట వినగానే నా గుండె జారింది. నీకు జీతం వస్తోంది తల్లీ. పగలంతా ఎవరో పెట్టిన గడువుల మధ్య నలుగుతున్నావు, రాత్రి చేతిలో ఉన్న ఒక్క దారానికీ గడువు కట్టుకోకు. ఒక ఏడాది ఎవరికీ అమ్మకు. పుట్టినరోజుకి ఇస్తానని ఫ్రెండ్స్‌కి కూడా తేదీ చెప్పి మాటివ్వకు. అయినప్పుడు ఇస్తానని చెప్పు. ఏడాది తర్వాత కూడా అమ్మాలనిపిస్తే అప్పుడు నేనే దగ్గరుండి ధర కట్టిస్తాను, ఊరికే పోనివ్వను. ఇంకొకటి. అల్లుతున్నాను కదా అని డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానకు. రెండు వారాలకి కూడా నిద్ర సర్దుకోకపోతే నాకు చెప్పు, నేనే తోడొస్తాను. నువ్వు ఒక్కదానివే ఆ గదిలో కూర్చుని వేగిపోతున్నావేమోనని నాకు భయం.

వచ్చే ఆదివారం వచ్చెయ్. నువ్వు మొదట అల్లిన ముక్క వంకరగా ఉన్నా సరే, ఊడదీయకుండా తీసుకురా. దాన్ని పట్టుకుని చూస్తే ఎవరితో పోట్లాడొచ్చావో చెప్పేస్తాను. అమ్మమ్మ సూది నా దగ్గరే ఉంది, తుప్పంతా పోయింది. పనసపొట్టు కూర చేస్తాను.

మీ పెద్దమ్మ