బీమా కంపెనీ ఇస్తానన్న లక్షన్నర తీసుకోవచ్చా, వకీలును పెట్టుకోవాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. వయసు 38. ఇళ్లకు వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్‌ను, నెలకు 20,000 రూపాయల వరకు వస్తాయి. మూడు నెలల క్రితం సూర్యాపేట దగ్గర వెనుక నుంచి వచ్చిన కారు నా బైకును ఢీకొట్టింది. కుడి తొడ ఎముక విరిగితే రాడ్ వేశారు. డ్రైవరు మీద ఎఫ్.ఐ.ఆర్. అయింది. బీమా కంపెనీ లక్షన్నర ఇస్తామంటోంది. ఆసుపత్రికి వచ్చిన ఒకాయన తమ వకీలుతో కేసు వేయిస్తాననీ, వచ్చిన దాంట్లో మూడో వంతు ఇవ్వాలనీ అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ప్రతి ప్రమాదానికీ వకీలు అక్కర లేదు. బండికి సొట్టలు పడి, మీ సొంత పాలసీ కింద సర్వేయరు వచ్చి చూసి వెళ్లే వ్యవహారమైతే, లేదా చిన్న గాయం పూర్తిగా మానిపోయి, బిల్లుల మొత్తాన్ని కంపెనీ పేచీ లేకుండా ఇస్తానంటే, వకీలుకు ఇచ్చే ఫీజు మీకు వృథా ఖర్చే. మీది అటువంటి కేసు కాదు. నిచ్చెన ఎక్కి పని చేయవలసిన మనిషికి తొడ ఎముక విరిగినప్పుడు అసలు నష్టం ఆసుపత్రి బిల్లులో కనిపించదు. ఇకపై మీరు ఎంత సంపాదించగలరన్న దానిలో ఉంటుంది, పేచీ వచ్చేదీ అక్కడే.

ఒక ఉదాహరణ లెక్క చూడండి. మీ ఏడాది ఆదాయం 2,40,000 రూపాయలు. 40 ఏళ్ల లోపు స్వయం ఉపాధిపై ఉన్నవారి ఆదాయానికి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలపాలని 2017 నాటి సుప్రీంకోర్టు ప్రణయ్ సేథీ తీర్పు చెబుతోంది. శాశ్వత వైకల్యం మిగిలిన గాయాల కేసులకూ ఆ పెరుగుదల వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. అప్పుడు ఏడాదికి 3,36,000 అవుతుంది. 36 నుంచి 40 ఏళ్ల వారికి 2009 నాటి సుప్రీంకోర్టు సరళా వర్మ తీర్పు ప్రకారం గుణకం, అంటే వయసును బట్టి ఏడాది ఆదాయాన్ని హెచ్చించే అంకె, 15 కాబట్టి మొత్తం 50,40,000. మీ సంపాదన శక్తి 20 శాతం తగ్గిందని రుజువైతే ఈ ఒక్క పద్దు కిందే 10,08,000 రూపాయలు వస్తాయి. వైద్య ఖర్చులు, పని లేని నెలల ఆదాయం, బాధకు ఇచ్చే పరిహారం దీనికి అదనం. ఇది హామీ కాదు. శాశ్వత వైకల్యమేమీ మిగలకపోతే ఈ పద్దు మొత్తం పోతుంది.

అందుకే రుజువు ముఖ్యం. మెడికల్ బోర్డు కాలికి 30 శాతం వైకల్యం అని రాసినంత మాత్రాన సంపాదనలో 30 శాతం పోయినట్టు ట్రిబ్యునల్ (మోటారు ప్రమాదాల పరిహారాన్ని తేల్చే న్యాయస్థానం) తీసుకోదు. ఆ కాలితో మీ వృత్తిలో ఏ పని చేయలేరో చూస్తుంది. కుర్చీలో కూర్చుని పని చేసే గుమాస్తాకు అదే గాయం వల్ల పోయేది తక్కువ కావచ్చు, మీకు ఎక్కువ కావచ్చు. ఈ సంగతి సాధారణంగా డాక్టరు సాక్ష్యంతోనే తేలుతుంది. ఆయనను కంపెనీ తరఫు న్యాయవాది అడ్డు ప్రశ్నలు వేస్తారు. మీ కేసు మీరే నడుపుకోవడానికి చట్టం అడ్డు చెప్పదు కానీ, ఈ దశలో అనుభవం లేనివారు నష్టపోతారు. కనుక మీరు వకీలును పెట్టుకోవాలన్నదే నా అభిప్రాయం.

అయితే ఆసుపత్రికి వచ్చిన ఆ మధ్యవర్తి ద్వారా మాత్రం వద్దు. వచ్చిన సొమ్ములో వాటా అడగడాన్ని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు న్యాయవాదికి నిషేధిస్తున్నాయి. ఇలా మధ్యవర్తులను పెట్టి కేసులు సంపాదించడమూ నిషిద్ధమే. ఫీజు ఎంతో, ఏ దశలో ఎంత ఇవ్వాలో ముందే కాగితం మీద రాయించుకోండి. ఖాళీ కాగితాల మీద సంతకం చేయకండి. ఫీజు భరించలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు, మరికొన్ని వర్గాలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు, మిగిలినవారికి ఆదాయ పరిమితి ఉంటుంది.

గడువు మరచిపోకండి. 2019 సవరణతో వచ్చి, 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166(3) ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు దరఖాస్తు వేయాలి. ఆ నిబంధనను సవాలు చేస్తూ వ్యాజ్యాలు నడిచాయి గానీ, వాటి భరోసాతో ఆలస్యం చేయడం తెలివైన పని కాదు. పోలీసులు ట్రిబ్యునల్‌కు పంపే నివేదికను కూడా దరఖాస్తుగా పరిగణించవచ్చు, అయినా విడిగా వేసుకోవడమే క్షేమం. ప్రమాదం సూర్యాపేట జిల్లాలో జరిగినా, మీరు నివసించే ఖమ్మంలోనే వేయవచ్చు.

కంపెనీ ప్రతిపాదనను ఇప్పుడే అంగీకరిస్తే ట్రిబ్యునల్ దానిని రాజీగా నమోదు చేసి కేసు ముగిస్తుంది. రేపు రాడ్ తీయడానికి మరో ఆపరేషన్ అవసరమైనా మళ్లీ అడగడం దాదాపు అసాధ్యం. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీపై అప్పీలు కూడా ఉండదు. రాజీ చెడ్డదని నేను అనడం లేదు. వైకల్యం ఎంతో తేలాక, మంచి మొత్తం వస్తే, ఏళ్ల తరబడి తిరగడం కన్నా అదే మేలు. ప్రస్తుతానికి చికిత్స పూర్తయ్యాక జవాబిస్తామని కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు, మందుల బిల్లులతో పాటు పని ఇచ్చినవారు పంపిన యూపీఐ చెల్లింపుల వివరాలు కూడా తీసుకుని వకీలు దగ్గరకు వెళ్లండి.