ఉబ్బితబ్బిబ్బయ్యే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. కచేరీ ముగిశాక గురువు ‘బాగా పాడావు’ అనగానే నీ గాయని ఉబ్బితబ్బిబ్బయింది. ఆ మాట దగ్గర ఆగిపోయాను. పత్రికలు దాన్ని వాడి వాడి అరగదీశాయి గానీ అందులో ఇంకా పస ఉంది. ఉబ్బు ఒకటి, తబ్బిబ్బు ఒకటి. పొంగిపోవడంతో పాటు ఏం చేయాలో తోచని తొట్రుపాటు కూడా అందులో ఉంది. అనుకోని వేళ మెచ్చుకోలు అందినవాళ్లకే అది అతుకుతుంది. నీ గాయని మొదటి పేరా నుంచి ఆ ఒక్క మాట కోసమే కాచుకుని ఉంది. అలా ఎదురుచూసిన మనిషి పొంగిపోవచ్చు, కుదుటపడవచ్చు, ‘ఇంతేనా’ అనుకోవచ్చు. (నాకైతే మూడోదే ఇష్టం.) తబ్బిబ్బు ఎందుకవుతుంది?

రెండు పేజీల తర్వాత అదే గురువు మాటను ‘పొగడ్త’ అన్నావు. పాపం, ఆయన్ను తక్కువ చేశావు. మనతో పని పడినవాడు కూడా పొగుడుతాడు. మెచ్చుకోవాలంటే ముందు మనసుకు నచ్చాలి. తేడా తెలియాలంటే క్రియలు చూడు. ‘మెప్పించింది’ అంటే విద్య చూపి గెలుచుకుంది. ‘పొగిడించుకుంది’ అంటే చదివేవాడు మొహం చిట్లించుకుంటాడు. ఒక్క విశేషణమైనా వాడకుండానే మనిషి గుణం మారిపోయింది. అలాగని మెప్పు అన్న ప్రతిచోటా గౌరవమే ఉంటుందనుకోకు. ‘గురువు మెప్పు పొందింది’ బాగుంది. ‘గురువు మెప్పు కోసం పాడింది’ అనేసరికి పాట పలచబడిపోతుంది.

సభ నిర్వాహకుడి నోట ‘ప్రశంస’ సరిపోయింది, ఉంచు. ‘కితాబు’ మాత్రం తీసేయి. బిరుదు అనే అర్థమున్న ‘ఖితాబ్’ నుంచి వచ్చిన మాట అది. వార్తల్లో నాయకులు ఒకరికొకరు ఇచ్చుకోవడానికి బాగుంటుంది.

చెల్లెలు ‘నిన్ను మునగచెట్టు ఎక్కిస్తున్నారక్కా’ అంటుంది చూడు, కథలో నాకు బాగా నచ్చిన వాక్యం అదే. దాన్ని వివరిస్తూ రాసిన తర్వాతి వాక్యం కొట్టేయి. మునగకొమ్మ విరుగుతుందని తెలుగువాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక గురువు మెచ్చుకున్న చోట ఏ మాటా కుదరకపోతే, ఆమె చేత ఏదైనా చేయించి చూడు. తంబురా తీగ సవరిస్తున్నట్టు తల వంచుకుందనుకో, శ్రుతి సరిగ్గానే ఉందని గురువుకూ తెలుసు. ఆయన ఏమంటాడో నువ్వే రాయాలి. మార్చిన ప్రతి పంపు. ముగింపు మీద నాకు వేరే పేచీ ఉంది, అది అప్పుడు మాట్లాడుకుందాం.