ఏటిగట్టు మీదికి సాయం తెచ్చే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వూ నీ స్నేహితులూ డబ్బులు పోగుచేసి, గోదారి వరదకు లంకల్లోంచి, అంటే ఏటి మధ్య దిబ్బల మీది ఊళ్లలోంచి, ఏటిగట్టు మీదికి చేరిన కుటుంబాలకు సామాన్లు తెస్తారట. మీ అమ్మ ఫోన్‌లో చెబితే చాలా సంతోషం వేసింది.

బండి లోడు చేసే ముందు ఏం కావాలో అడుగు. వీఆర్వోకో, ఆశా కార్యకర్తకో, డ్వాక్రా సంఘం లీడరుకో ఫోన్ చేస్తే ఎన్ని కుటుంబాలున్నాయో, చంటిపిల్లలు ఎందరో, ఎవరికి బీపీ, షుగర్ మాత్రలు అయిపోయాయో చెబుతారు. అడక్కుండా వచ్చే బండ్లు రోడ్డు పక్క శిబిరం దగ్గరే ఆగిపోతాయి. అక్కడివాళ్లకు ఒకే పూట రెండు మూడు పొట్లాలు అందుతాయి. రేవు దాటి లోపలున్నవాళ్లకు మంచినీళ్లు కూడా చేరవు. నువ్వు ఆ లోపలివాళ్ల కోసం రా.

మొదటి రెండు మూడు రోజులు వండిన తిండే ఇవ్వాలి. పొయ్యి మునిగి, కట్టెలు తడిసినవాళ్లు బియ్యం ఇస్తే ఏం చేసుకుంటారు? పులిహోర సాయంత్రం దాకా నిలుస్తుంది, సాంబారన్నం మధ్యాహ్నానికే పాచిపోతుంది. అన్నిటికంటే నీళ్లు ముఖ్యం. చుట్టూ గోదారే ఉన్నా, బోర్లూ బావులూ మునిగాక తాగడానికి చుక్క దొరకదు. నీళ్ల టిన్నులతో పాటు క్లోరిన్ బిళ్లలు తే. బిళ్ల వేశాక అరగంట ఆగి తాగాలని ప్రతి కుటుంబానికీ నోటితో చెప్పు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలపాలని కూడా చెప్పు. గ్లాసు నీళ్లలో కలిపి పిల్లలకు పట్టేసేవాళ్లుంటారు, అది ప్రమాదం.

పశువుల్ని మాత్రం మరిచిపోకు. పాడిగేదెను వదిలి రాలేక నడుంలోతు నీళ్లలో ఇంటి దగ్గరే ఉండిపోయే మనుషులున్నారు మన లంకల్లో. గట్టు మీద గేదెకు గడ్డి దొరుకుతుందని తెలిస్తే వాళ్లూ వస్తారు. ఒక ట్రాక్టర్ ఎండుగడ్డి తేగలిగితే తప్పకుండా తే. నన్నడిగితే దుప్పట్ల కంటే ముందు అదే.

పాత బట్టల మూటలు వద్దు. తువ్వాళ్లు, లుంగీలు, నైటీలు, లోదుస్తులు కొత్తవి కొనండి, తక్కువైనా ఫర్వాలేదు. శానిటరీ ప్యాడ్లు మగపిల్లలు పంచితే ఆడవాళ్లు చెయ్యి చాపరు, డ్వాక్రా అక్కల చేతికివ్వండి. టార్పాలిన్లు, టార్చిలైట్లు, దోమల కాయిల్స్ ఎన్ని తెచ్చినా చాలవు. వరదకు పాములూ గట్టెక్కుతాయి, రాత్రి లైటు లేకుండా అడుగు వెయ్యకూడదు.

లారీ మీంచి పొట్లాలు విసరకు. అలా చేస్తే బలమున్నవాడికే దొరుకుతుంది, ముసలమ్మ ఉత్త చేతులతో వెనక్కి పోతుంది. పేట పేటకూ వెళ్లి, ఊరివాళ్లు రాసిన లిస్టు ప్రకారం కుటుంబానికింత అని ఇవ్వు. చివరనున్న పేటతో మొదలుపెట్టు. ఇచ్చేటప్పుడు ఫొటోలు తియ్యకండ్రా. నిన్నటిదాకా తన పొలంలో అరటిగెలలు కోసి నలుగురికీ పంచిన మనిషి ఈ రోజు చెయ్యి చాపాల్సొచ్చింది. ఆయన ముఖం ఫోన్లలో తిరగకూడదు.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదారి నీటిమట్టం 17.75 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అది ఉండగా పడవెక్కకు, మునిగిన కాజ్‌వే మీద నడవకు. ఎగువన భద్రాచలంలో తగ్గిందని టీవీలో చూసి బయలుదేరకు, అక్కడ తగ్గుతున్నప్పుడు ఇక్కడ ఇంకా పెరుగుతూనే ఉంటుంది. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ వేసుకోవాల్సిందే. పడవ నడిపే సరంగు వద్దంటే వద్దు.

ఇంకోమాట. డబ్బులన్నీ ఈ వారమే ఖర్చుపెట్టకు. 1986 ఆగస్టు వరదా చూశాను, 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడూ చూశాను. నీరు తీశాక బండ్లు రావడం ఆగిపోతుంది, అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. ఇంటినిండా బురద, తడిసిన ధాన్యం, కుళ్లిన కూరగాయల తోట, పనుల్లేని కూలీలు. కౌలు రైతు సంగతి ఇంకా ఘోరం, కాగితం లేనివాడికి నష్టపరిహారం రావడం కష్టం. పారలు, బ్లీచింగ్ పౌడరు, పిల్లల పుస్తకాలు, నెలకు సరిపడా బియ్యం, పప్పు, నూనె అప్పుడు కావాలి. సగం డబ్బు దానికి ఉంచు.

ఏ రోజు వస్తారో, ఎంతమంది వస్తారో ముందురోజే ఫోన్ చెయ్యి. పడవ మాట్లాడి ఉంచుతాను, భోజనాలు మనింట్లోనే.

ఇట్లు,
మీ మామయ్య