ఫైటింగ్ రాకపోతే టు ద మూన్‌తో స్టార్ట్ చెయ్
పాత ల్యాప్‌టాప్, ఫైటింగ్ అస్సలు రాదు, కానీ మనసు పిండేసే కథ ఉన్న పిక్సెల్ గేమ్ కావాలి అన్నావ్ కదా బ్రో, ఇంకేం ఆలోచించకుండా టు ద మూన్ వేసుకో. 2011లో వచ్చింది, ఆర్‌పీజీ మేకర్ అనే చిన్న గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో చేసింది కాబట్టి పెద్ద సిస్టమ్ అక్కర్లేదు, నాలుగైదు గంటల్లో అయిపోద్ది. చావుబతుకుల్లో ఉన్న జానీ అనే ముసలాయనకి చంద్రుడి మీదకి వెళ్లాలని కోరిక, ఎందుకో ఆయనకే తెలీదు, ఆ కోరిక తీర్చడానికి ఇద్దరు డాక్టర్లు మెషీన్‌తో ఆయన జ్ఞాపకాల్లో దూరి వెనక్కి వెనక్కి చిన్నతనం దాకా పోతారు. మొదట్లో ఆ ఇంట్లో కాగితం కుందేళ్లు కుప్పలుగా కనిపిస్తే ఏంటీ పిచ్చి అనుకున్నా, వాళ్లావిడ అవెందుకు మడిచిందో తెలిశాక మాత్రం కాసేపు కీబోర్డ్ ముట్టుకోలేదు. మధ్యలో జోకులు కాస్త ఓవర్, భరించు. నచ్చితే 2017లో వచ్చిన దీని తర్వాతి భాగం ఫైండింగ్ ప్యారడైజ్ ఆడు. అండర్‌టేల్ అనే ఇంకో పిక్సెల్ గేమ్ ఉంది, అది ఇప్పుడే వద్దులే, అందులో బుల్లెట్లు తప్పించుకోవాలి.