చెక్క కంచె ఖర్చులో సగం ఇస్తానని ఇవ్వడం లేదు, ఎలా రాబట్టుకోవాలి?

ప్రశ్న: మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఉన్న పాత చెక్క కంచె గాలివానకు పడిపోయింది. ‘‘మీరు వేయించండి, సగం నేనిస్తా’’ అని పక్కింటాయన అన్నారు. అడ్వాన్స్ ఇచ్చి ఇప్పటికి 2 సంవత్సరాల 11 నెలలు. తర్వాత నెలకు పని పూర్తయితే మిగతాది నగదుగా ఇచ్చేశాను. ముందు అనుకున్న మామూలు కర్ర బదులు టేకు వాడాం, మా పెరటికి గేటు కూడా పెట్టించాను. పాత గుంజల కాంక్రీటు తవ్వడం కష్టమని కాంట్రాక్టర్ కొత్త గుంజల్ని అరడుగు మా వైపు జరిపాడు. ఇన్నేళ్ల స్నేహం, వాళ్లమ్మాయి పెళ్లి పనులన్నీ నేనే చూసుకున్నాను, ఇప్పుడు ముఖం చాటేస్తున్నారు. 8 నెలల క్రితం ‘‘బోనస్ రాగానే కంచె డబ్బు సర్దుతాను’’ అని వాట్సాప్‌లో పెట్టారు. ఆ ఫోన్ మా అబ్బాయికి ఇచ్చేశాను. ఆయన వైపు చెక్కలు పీకేయమని, లేదంటే కాంట్రాక్టర్ చేత పాత తేదీతో ఇద్దరి పేర్ల మీద బిల్లు రాయిద్దామని మా బావమరిది అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: పెళ్లి పనులు మీ కేసుకు అక్కరకు రావు. మీ ఉత్తరంలో కోర్టుకు పనికొచ్చేవి రెండే. ఒకటి ఆ వాట్సాప్ సందేశం, రెండోది అడ్వాన్స్ ఇచ్చిన తేదీ.

ముందు తేదీ సంగతి. ఇలాంటి డబ్బుకు దావా వేయడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం ఇచ్చే గడువు 3 సంవత్సరాలు. ఆయన మాట తప్పిన రోజు నుంచి లెక్కించాలని మీ లాయరు వాదించవచ్చు. డబ్బు చెల్లించిన రోజు నుంచేనని అవతలి లాయరు వాదిస్తాడు. ఆ వాదనలో ఎవరు నెగ్గుతారోనని కూర్చోకండి. అన్నిటికంటే ముందు వచ్చే తేదీనే గడువుగా పెట్టుకోండి. ఆ లెక్కన మీకు మిగిలింది ఒక్క నెల. లీగల్ నోటీసు పంపితే గడువు ఆగిపోతుందని చాలామంది నమ్ముతారు. ఆగదు. దావా కోర్టులో దాఖలు కావాలి. పోనీ ఆలస్యాన్ని క్షమించమని అడుగుదామా అంటే, అప్పీళ్లకు ఉన్న ఆ వెసులుబాటు దావాలకు లేదు. దాదాపు మూడేళ్లు మొహమాటంతో గడిపేసి చివరి నెలలో సలహా అడుగుతున్నారు, అది మీ స్వయంకృతం.

ఇక సందేశం. నోటిమాట ఒప్పందం చెల్లుతుంది కానీ నిరూపించాల్సింది మీరు. పక్కింటివాళ్ల మధ్య కంచె వేస్తే ఖర్చు చెరిసగం అని చట్టమే చెబుతుందని కొందరి భ్రమ. న్యూజిలాండ్‌లో 1978 నుంచి కంచెలకు విడిగా చట్టం ఉంది. అక్కడ పని మొదలుపెట్టే ముందే నోటీసు ఇస్తారు, అభ్యంతరం చెప్పడానికి పక్కవాళ్లకు 21 రోజులుంటాయి. మనకు అలాంటి చట్టం లేదు కాబట్టి మీరు కాంట్రాక్ట్ చట్టం మీదే నిలబడాలి. అందుకే ‘‘కంచె డబ్బు సర్దుతాను’’ అన్న ఆ ఒక్క వాక్యం మీకు ప్రాణం. అందులో డబ్బు ఇవ్వాలని ఆయన ఒప్పుకున్నట్టుంది, ఎంతో మాత్రం లేదు.

అంత ముఖ్యమైన ఫోన్‌ను పిల్లాడి చేతిలో పెట్టారు! ఈరోజే వెనక్కి తీసుకోండి. సందేశం డిలీట్ చేయకండి, ఫోన్ రీసెట్ చేయనివ్వకండి. స్క్రీన్‌షాట్ ప్రింటు ఒక్కటే ఇస్తే సరిపోదు, ఆ సందేశం ఏ ఫోన్ నుంచి ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్‌ను భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు నింపాలి. సందేశం వచ్చింది 8 నెలల క్రితమే కాబట్టి అక్కడి నుంచి కొత్త గడువు మొదలైందనుకోవచ్చా? చట్టం అడిగేది సంతకంతో రాతపూర్వక ఒప్పుకోలు. వాట్సాప్‌ను అలా లెక్కిస్తారా అన్నది వాదించుకోవాల్సిన విషయం. గడువులోపు ఆయన చేత తెల్లకాగితం మీద ‘‘ఇంత ఇవ్వాలి’’ అని సంతకంతో రాయించుకోగలిగితే మాత్రం ఆ రోజు నుంచి మళ్లీ 3 సంవత్సరాలు వస్తాయి. గడువు దాటాక అలాంటి ఒప్పుకోలు పనికిరాదు, అప్పుడు చెల్లిస్తానని సంతకం చేసిన స్పష్టమైన హామీయే కావాలి.

ఎంత అడగాలి? ఆయన ఒప్పుకున్నది మొదట అనుకున్న కంచెలో సగానికి. టేకుకు మార్చేటప్పుడు ఆయన్ని ఒక్క మాట అడిగారా? అడిగినట్టు మీరు రాయలేదు. అడగకపోతే ఆ తేడా మీదే. పెరటి గేటు ఎలాగూ మీదే. కర్ర, గుంజల కాంక్రీటు, పాత కంచె తొలగింపు, కూలీ, వార్నిష్ విడివిడిగా చూపించి, పాత ఎస్టిమేట్ ప్రకారం సగం లెక్క వేయండి. మొత్తం బిల్లులో సగం అడిగితే గేటును చూపించి మీ లెక్కంతా అబద్ధమంటారు. అడ్వాన్స్ బ్యాంకు ద్వారా వెళ్లి ఉంటే స్టేట్‌మెంట్ తీయండి. నగదుకు రసీదు లేకపోతే కాంట్రాక్టర్ సాక్ష్యం కావాలి.

మీ బావమరిది చెప్పిన రెండూ చేయకండి. చెక్కలు పీకితే కేసును మీ చేతులతో మీరే కూల్చుకుంటారు. ఒప్పందం నిరూపణ కాకపోతే మీకున్న ఇంకో దారి కాంట్రాక్ట్ చట్టం 70వ సెక్షన్. మీరు ఉచితంగా చేయాలని ఉద్దేశించని పని వల్ల అవతలివాడు లాభం పొందితే పరిహారం ఇవ్వాలంటుంది. కంచె పీకేశాక ఆయన పొందుతున్న లాభమేది? పైగా నష్టం కలిగించారని ఆయనే మీ మీద ఫిర్యాదు చేస్తారు. పాత తేదీ బిల్లు ఇంకా ప్రమాదం. కోర్టు కోసం దొంగ సాక్ష్యం సృష్టిస్తే 7 సంవత్సరాల వరకు జైలు. సిరా, జీఎస్టీ నంబరు, కాంట్రాక్టర్ క్రాస్ ఎగ్జామినేషన్ ఏదో ఒకటి బయటపెడుతుంది. ఆ తర్వాత నిజమైన సందేశాన్ని కూడా ఎవరూ నమ్మరు.

ఈ వారంలోనే లాయరును కలిసి, 7 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపించండి, అందినట్టు రుజువు దాచండి. దావా కాగితాలు మాత్రం నోటీసు జవాబు కోసం ఎదురుచూడకుండా పక్కనే సిద్ధం కావాలి. న్యాయ సేవాధికార సంస్థలో లోక్ అదాలత్‌కు దరఖాస్తు పెట్టడం మంచిదే, కోర్టు ఫీజు ఉండదు, అక్కడ రాజీ కుదిరితే అది కోర్టు తీర్పుతో (డిక్రీతో) సమానం. ఆ దరఖాస్తును నమ్ముకుని దావా తేదీని మాత్రం దాటనివ్వకండి.

అరడుగు విషయం మీరు మాటవరసకు రాశారు. కంచె మీ స్థలంలో ఉంది కాబట్టి అది మీ సొంతం, నాకేం సంబంధం అని ఆయన అనవచ్చు. దానికంటే పెద్ద చిక్కు, ఆ అరడుగును తనదిగా 12 సంవత్సరాలు అనుభవిస్తే ఆ తర్వాత స్థలమే తనదనవచ్చు. కాబట్టి కాంట్రాక్టర్ సౌలభ్యం కోసం జరిపిన కంచె సరిహద్దు కాదని, అసలు హద్దు దస్తావేజు ప్రకారమేనని ఆ నోటీసులోనే ఒక పేరా రాయించండి. పాత గుంజల కాంక్రీటు ఇంకా నేలలో ఉంటే, కొత్త గుంజలకు దూరం తెలిసేలా టేపు పెట్టి ఫోటోలు తీయించండి.