పెన్షన్ మీద వస్తున్న మా చిన్నోడికి

చిరంజీవి చిన్నోడిని పెదనాన్న దీవించి రాయునది.

మిలిటరీ నుంచి పెన్షన్ మీద ఇంటికొచ్చేసి వ్యవసాయం చేస్తానన్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. కాసేపు ఛాతీ పొంగింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నాతో ఒక్క మాట అనాలనిపించలేదట్రా నీకు? ఊటీ దగ్గర వెల్లింగ్టన్‌లో ట్రైనింగ్ అయ్యి, సర్వీసు పూర్తి చేసుకొచ్చి, ఈ కోనసీమ బురదలో దిగినవాణ్ణి మన ఇంట్లో నేనొక్కణ్ణే కదా.

సులువైనవి ముందు చెప్పేస్తాను. కాగితాలు యూనిట్‌లో ఉండగానే సరిచూసుకో. కోడలి పేరు, పుట్టినతేదీ అన్నిట్లో ఒకేలా ఉండాలి, లేకపోతే స్పర్శ్‌లో, అదే మన పెన్షన్ల వెబ్‌సైట్లో, తిప్పలు పడతావు. పెన్షన్‌లో కొంత కోయించుకుంటే ముందే ఒకేసారి ఇచ్చే కమ్యుటేషన్ డబ్బు చేతికి రాగానే రొయ్యల చెరువంటూ వచ్చేవాళ్లకి ఓ దణ్ణం పెట్టి పంపెయ్. కోత పెట్టించుకున్న పెన్షన్ మళ్లీ కలవాలంటే పదిహేనేళ్లు. ట్రాక్టర్ కూడా కొంటానన్నావట! రెండున్నర ఎకరాలకి ట్రాక్టరేంట్రా, బుద్ధుందా? అద్దెకి దొరుకుతుంది. విత్తనం సంగతి మార్టేరు వరి పరిశోధన కేంద్రం వాళ్లనడుగు, మన పల్లానికి స్వర్ణ రకం ఒక్కటే అనుకోకు.

నా టెన్షనంతా నీళ్ల గురించే. ధవళేశ్వరం నుంచి ఎలాగోలా వస్తాయి. వచ్చినవి బయటికి పోవడమే మనకి కష్టం. 2011లో మన కోనసీమ రైతులు సార్వా మానేసి క్రాప్ హాలిడే అన్నారే, ధర, కూలీల గొడవతో పాటు పూడిపోయిన మురుగు కాలువల ఏడుపూ అందులో ఉంది.

మీ పెద్దమ్మ పుట్టింటి ఊళ్లో ఒకాయన నాకంటే ముందే రిటైరై వచ్చాడు. మనిషి నిప్పు. వస్తూనే సర్వేయర్ని పిలిచి పొలం కొలిపించాడు. ఎగువ చేల మురుగు దిగే బోదె తన పట్టాలోంచే పోతోందని తేలింది. ఇంకేముంది, మట్టి తోలించి పూడ్పించేశాడు. నాలుగు సెంట్లు కలిశాయని సంబరం. పైవాళ్లు వచ్చి "తాతల నాటి బోదె బాబూ" అంటే కాగితం తీసి చూపించాడు. కాగితం ఆయనదే, కాదనేదెవరు?

1996 నవంబర్ 6 రాత్రి తుపాను కొట్టింది. తెల్లారేసరికి కొబ్బరిచెట్లు ఎక్కడివక్కడ పడున్నాయి, చేలన్నీ నీళ్లే. మిగతా చోట్ల మెల్లగా తీసింది. ఆ బోదె పైనున్న చేలలో మాత్రం నీరు కదల్లేదు. నేను వెళ్లి చూశాను. నీళ్లలో పడుకున్న కంకిని చేత్తో ఎత్తితే గింజ గింజకీ తెల్లటి వేరు, పచ్చటి మొలక, పైగా ఓ కుళ్లు వాసన. ఆ రైతు ఏమీ అనలేదు. నా చేతిలోని కంకి తీసుకుని మళ్లీ నీళ్లలోనే పడేశాడు.

బోదె పూడ్పించిన ఆ పెద్దమనిషినీ ఎవరూ పల్లెత్తు మాటనలేదు. తిట్టినా బాగుండేది! మరుసటేడు కోతలకి ఆయన చేలోకి కూలీలు రాలేదు. బండి పోవాలంటే పైవాళ్ల పుంత దాటాలి, అక్కడ కంప అడ్డం వేశారు. ఆలుమగలిద్దరూ పనలు నెత్తిన మోసుకున్నారు. ఆ ఎండాకాలం తనే పార పట్టుకుని బోదె తవ్వాడు. అయినా ఊరితో మాటలు కలవడానికి ఏళ్లు పట్టింది.

నీదీ ఆ కోపమే రా, నాకు తెలుసు. అక్కడ ఆర్డరిస్తే పని జరుగుతుంది. ఇక్కడ నీ నీళ్లు ఒకడి చేలోంచి రావాలి, ఇంకొకడి చేలోంచి పోవాలి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరమైతే ఇంటింటా సిపాయిలే, నీ రుబాబు సర్దుకుంటారు. మన ఊళ్లో నువ్వొక్కడివే "మిలిటరీ". దగ్గినా చెప్పుకుంటారు.

రాత్రి నీళ్లు కట్టడానికి వెళితే టార్చి, బూట్లు ఉండాల్సిందే. మంచులో కాపలా కాసినవాడివి, రక్తపింజరకి నువ్వు భయపడవులే, భయం నాకు. నువ్వు బోర్డర్లో ఉన్నన్నాళ్లూ మీ అమ్మ ఇంట్లో టీవీ వార్తలు పెట్టనిచ్చేది కాదు. ఇప్పుడైనా ఆవిడని నిద్రపోనివ్వు.

మే నెలలో రా. కాలువలు కట్టేసి ఉంటాయి, ఏ బోదె ఎక్కడ పూడిందో కంటికి కనిపిస్తుంది. గుర్రపుడెక్క తీయడానికి పక్క రైతుల్ని నువ్వే పిలువు, టీలు నావి. క్యాంటీన్ నుంచి నాకేమీ తేవద్దు, మీ పెద్దమ్మ ఊరుకోదు. ఒకవేళ తెస్తే మాత్రం మీ నాన్న చేతికివ్వకు, నాదాకా రాదు.

ఇట్లు
మీ పెదనాన్న