లెక్కలంటే భయం ఉన్నా పశు పోషణలో పరిశోధన చేయవచ్చా?

ప్రశ్న: బెంగళూరులో బి.వి.ఎస్సీ. (పశువైద్య డిగ్రీ) చివరి సంవత్సరం చదువుతున్నాను. పశు పోషణలో, అంటే పశువుల ఆహార శాస్త్రంలో, పీజీ చేయాలని ఉంది. ఆరు పాడి ఆవులపై రెండు దాణాలను పోల్చే క్రాసోవర్ ప్రయోగానికి ప్రణాళిక రాసి తెమ్మని మా ప్రొఫెసర్ అన్నారు. గణాంక శాస్త్రం అంటే నాకు భయం. ఈ రంగం నాకు తగినదేనా?

జవాబు: తగినదే. మీకు అప్పగించిన పనిలో లెక్క కన్నా ఆలోచనే ఎక్కువ.

ఒక ఆవుకూ మరో ఆవుకూ పాల దిగుబడిలో ఉండే తేడా, దాణా మార్చడం వల్ల వచ్చే తేడాను సులభంగా కప్పేస్తుంది కాబట్టి, క్రాసోవర్‌లో ప్రతి ఆవుకూ రెండు దాణాలనూ వంతులవారీగా పెట్టి, ఆ ఆవును దానితోనే పోలుస్తారు. అయితే ఆరింటికీ ముందు ఎ దాణా, తరువాత బి దాణా పెట్టకూడదు. ఈనిన ఆరు నుంచి ఎనిమిది వారాల తరువాత పాలు సహజంగానే తగ్గుతూ వస్తాయి గనుక, రెండోసారి పెట్టిన దాణా అన్యాయంగా ఓడిపోతుంది. అందుకే ఈనిన కాలం, దిగుబడి దగ్గరగా ఉన్న ఆవులను జతచేసి, ప్రతి జతలో దేనికి ఏ దాణా ముందో చీటీ వేసి నిర్ణయించాలి.

ఒక ఊహాజనిత లెక్క చూడండి. ఎ దాణాతో మొదలైన ఆవు మొదటి దశలో 12 లీటర్లు, బి దాణాకు మారాక 11 లీటర్లు ఇచ్చింది. బితో మొదలైన ఆవు 11.5 లీటర్లు, ఎకు మారాక 11 లీటర్లు ఇచ్చింది. తగ్గుదల మొదటిదానిలో 1, రెండోదానిలో 0.5 లీటరు. ఈ రెండింటి తేడాలో సగం, అంటే 0.25 లీటరు, ఎ దాణా చూపిన మేలు. వాటి సగటు 0.75 లీటరు కాలంతో వచ్చిన తగ్గుదల. మొదటి ఆవునే నమ్ముకుంటే దాణా ప్రభావం ఒక లీటరని రాసేవారు. మీరు భయపడుతున్న గణాంక శాస్త్రానికి ఇక్కడ పునాది ఈ తీసివేతే.

అసలు జాగ్రత్త పాత దాణా మిగిల్చే ప్రభావం విషయంలో కావాలి. రూమెన్‌లోని (ఆవు కడుపులో మేత పులిసే పెద్ద అరలోని) సూక్ష్మజీవులు కొత్త మేతకు అలవాటుపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి, ఒక్కో దశను కనీసం 21 రోజులు ఉంచి, చివరి వారం కొలతలనే లెక్కలోకి తీసుకోండి. దూడల పెరుగుదల, చూలు కట్టడం వంటి వాటిని వెనక్కి తిప్పలేం. వాటికి ఈ పద్ధతి పనికిరాదని ప్రణాళికలోనే రాయండి. మధ్యలో ఒక ఆవుకు పొదుగువాపు వస్తే ఏం చేస్తారో కూడా ముందే రాసి ఉంచండి. సంస్థ జంతు నైతికతా సంఘం అనుమతి లేకుండా పని మొదలుపెట్టవద్దు.

ఆడుగోడిలోని జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ మీ ఊరిలోనే ఉంది. మీ ప్రొఫెసర్ ద్వారా అనుమతి కోరి, అక్కడ మేత తూచి, మిగిలినదాన్ని మళ్ళీ తూచే పని దగ్గరుండి చూడండి. పీజీ పరీక్షకు చదువుతూనే గణాంక లెక్కలకు వాడే ఆర్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి. పరిశోధన సంస్థల్లోనే కాక దాణా కంపెనీల పరిశోధన విభాగాల్లోనూ అది అక్కరకు వస్తుంది. ప్రణాళికను గణాంక శాస్త్ర అధ్యాపకులకు చూపించడం మాత్రం ఆవులను ఎంచుకోక ముందే జరగాలి.